వెన్ను బిగుసుకుపోయే జబ్బుకి వికలాంగుల సర్టిఫికెట్ ఇవ్వాలా?

కృష్ణవేణి: నాకు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపుకి వెళ్తే, పెన్షన్‌కీ కోటాకీ కావాల్సిన 40 శాతం రాలేదు. మాత్ర వేసుకుని, వేణ్ణీళ్ళు పోసుకుని, బస్సెక్కి పదకొండింటికి చేరాను. అప్పటికి నడుం కాస్త వదిలింది. డాక్టరుగారు వంగమన్నారు, వంగాను. రాసేశారు. తెల్లారగట్ల పక్కకి దొర్లి, మోచెయ్యి ఆనించి, మంచం పట్టె పట్టుకుంటే గానీ లేవలేను. అది ఎవరు చూశారు? ఈ జబ్బుకి సర్టిఫికెట్ ఇవ్వాలా వద్దా, మీరే చెప్పండి.

నల్లమల రాజు: క్యాంపుకి బస్సులో వెళ్ళానంటున్నారు. మెట్లు మీరే ఎక్కారా?

గుంటూరు బాబాయి: అమ్మా, పొద్దున్నే సూర్యనమస్కారాలు చెయ్యండి. మా వియ్యంకుడికి నడుంనొప్పి అలాగే పోయింది.

ఫిజియో శ్రీను: బాబాయిగారూ, ఇది ఆ నడుంనొప్పి కాదండీ. మామూలు నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే పెరిగి, కదిలితే తగ్గుతుంది. ఎక్కువమందికి 45 ఏళ్ళలోపే మొదలవుతుంది. వాపు ఏళ్ళ తరబడి ఉంటే పూసలు అతుక్కుపోవచ్చు. వ్యాయామం తప్పనిసరే, కానీ అతుక్కున్న వెన్ను చిన్న దెబ్బకే విరగొచ్చు. ఎవరిని పడితే వాళ్ళని చూసి ఆసనాలు వెయ్యకూడదు.

సత్తెనపల్లి రమణ: మా తమ్ముడికి ఇదే. కన్ను ఎర్రబడి మసకలొస్తే కండ్లకలక అనుకున్నాం. దీనివల్లేనని తర్వాత తెలిసింది.

నల్లమల రాజు: నా ప్రశ్నకి జవాబు రాలేదు. మెట్లు ఎక్కారా లేదా?

కృష్ణవేణి: ఎక్కానండీ, రెయిలింగ్ పట్టుకుని. ఎక్కితే జబ్బు లేనట్టేనా? స్కూల్లో రోజంతా నిలబడి పాఠం చెప్తాను. కుర్చీ అడిగితే "మీకేమైంది, బాగానే ఉన్నారుగా" అన్నారు మేనేజ్‌మెంటువాళ్ళు. మా అత్తగారూ అదే మాట. వంట ఆలస్యమైతే బద్ధకమంటుంది.

నల్లమల రాజు: అత్తగారి మాటలకి సర్టిఫికెట్ మందా? నాకు రెండేళ్ళప్పుడు పోలియో. కాలికి కట్టుకునే క్యాలిపర్ లేకుండా అడుగు పడదు. మొన్న పునఃపరిశీలన అని పిలిచి మళ్ళీ లైన్లో నిలబెట్టారు. మీలాంటివాళ్ళు అడిగేకొద్దీ మమ్మల్నే అనుమానిస్తారు.

కృష్ణవేణి: మీలాంటివాళ్ళంటే? దొంగ సర్టిఫికెట్లవాళ్ళలో కలిపేశారా నన్ను? మీ కాలు కనిపిస్తుంది, అందుకే ఎవరైనా సీటిస్తారు. నా వెన్ను ఎవరికి చూపించాలి?

నల్లమల రాజు: సీటిస్తారా! నాతో ఒక్కరోజు ఆర్టీసీ బస్సెక్కండి, తెలుస్తుంది. 2016 వికలాంగుల చట్టంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కోటా ఇచ్చారు. అందులో చలన వైకల్యం వాళ్ళందరికీ కలిపి ఒక్క శాతం. పోలియో, కండరాల క్షీణత, యాసిడ్ దాడి బాధితులు, కుష్ఠు నయమైనవాళ్ళు, మరుగుజ్జులు, అందరం అందులోనే. ఏళ్ళ తరబడి పరీక్షలు రాసి వయసు దాటిపోయింది నాకు. ఇంకొకరు వస్తున్నారంటే భయమెయ్యదా?

కృష్ణవేణి: నాకు ఆ ఉద్యోగం వద్దు. ఆరువేల పెన్షనూ వద్దు. నొప్పి నిజమేనని స్టాంపు వేసిన కాగితం ఒకటి కావాలి. కుర్చీ అడగడానికి.

నల్లమల రాజు: ఈ మాట మొదటే చెప్పాల్సింది. 40 లోపు వచ్చినా యూడీఐడీ, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు ఇస్తారు, తెల్లది. 40 నుంచి పసుపు, 80 నుంచి నీలం. తెల్లది తీసుకోండి, అది మా కోటాకి అడ్డు రాదు.

కృష్ణవేణి: తెల్ల కార్డు చూపిస్తే ప్రైవేటు స్కూలువాళ్ళు కుర్చీ వేస్తారంటారా?

సత్తెనపల్లి రమణ: మా తమ్ముడి ఆఫీసులో కార్డు అడగలేదు. రుమటాలజిస్టు, అంటే కీళ్ళవాతం డాక్టరు, రాసిచ్చిన ఉత్తరం చూసి ఉదయం షిఫ్టు మార్చారు.

నల్లమల రాజు: ఆఫీసు వేరు, స్కూలు వేరు. వెయ్యకపోతే నాకు రాయండమ్మా, జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖకి అర్జీ ఎలా పెట్టాలో చెప్తాను. 40 శాతం మాత్రం మీకు ఇవ్వకూడదనే ఇప్పటికీ అంటాను.

కృష్ణవేణి: అర్జీ పెడతాను రాజుగారూ. వైకల్యం కొలిచేది తెల్లారగట్ల అయితే 40 దాటేదని నేనూ ఇప్పటికీ అంటాను.