ఆఫ్‌రోడ్ బండికి ఆర్సీ అసలు వస్తుందా, రాదా?

పొలంబాట:
అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో కవాసాకి కేఎల్ఎక్స్ 230ఆర్ ఎస్ తీసుకున్నాను. రోడ్డు బండి కాదు, నంబరు లేదు, పాత ఓనరు ట్రాక్ మీద నడిపేవాడు. మాది వికారాబాద్ వైపు. ఇంటి నుంచి పొలానికి, అక్కణ్నుంచి గుట్టల్లోకి మట్టిదారే గానీ మధ్యలో కొంత దూరం తారు రోడ్డు ఎక్కక తప్పదు. హెడ్‌లైటు, ఇండికేటర్లు, హారను, అద్దాలు, స్పీడోమీటరు అన్నీ పెట్టించి ఆర్టీవో ఆఫీసుకి తీసుకెళ్తే రిజిస్ట్రేషన్ చేస్తారా? ఒకాయన చేస్తారంటున్నాడు, ఇంకొకాయన బండి గేటు దాటగానే సీజ్ చేస్తారంటున్నాడు. చేయించినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

కొత్తరైడర్:
నాదీ ఇదే డౌట్. ఫాలో అవుతున్నా.

ఎడమవైపు:
రాదండీ. లైట్లు పెట్టినా రాదు. అడ్డం పడేది లైటు కాదు, కాగితం. కొత్త బండి రిజిస్ట్రేషన్‌కి ఫారం 20 దరఖాస్తుతో పాటు డీలరిచ్చే అమ్మకం సర్టిఫికెట్ ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 పెట్టాలి. ఈ బండి పొల్యూషన్, భద్రత నిబంధనలకి సరిపోయింది, రోడ్డు మీద నడపడానికి పనికొస్తుంది అని కంపెనీ ఒప్పుకుంటూ ఇచ్చేదే ఫారం 22. అది ఇవ్వాలంటే సెంట్రల్ మోటారు వాహనాల నియమాల్లో 126వ రూలు ప్రకారం ముందు నమూనా బండిని పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి చోట పరీక్ష చేయించి టైప్ అప్రూవల్ తెచ్చుకోవాలి. మీ మోడల్‌ని రోడ్డు కోసం అమ్మలేదు. కాబట్టి మీ చేతిలో ఫారం 22 లేదు, రాదు కూడా. అది లేకుండా మీరు బండికి ఏం బిగించినా ఒకటే.

గుట్టలరాజు:
ఎడమవైపు గారూ, ఈ ఫారాల పేర్లు చెప్పి జనాన్ని భయపెట్టడం మానండి. రోడ్డు మీద తిరిగే కేఎల్ఎక్స్ 230 ఉందా లేదా? అదే 233 సీసీ ఇంజను. దానికి ఆర్సీ ఇస్తున్నారు, దీనికి ఇవ్వరు. తేడా ఏంటి? దానికి లైట్లున్నాయి, దీనికి లేవు. లైట్లు పెట్టుకుంటానంటే వద్దనడానికి కారణం ఏంటో ఒక్క మాటలో చెప్పండి. ఫారం నంబరు చెప్పకుండా చెప్పండి.

స్పానర్_12_13:
తేడా లైట్లొక్కటే కాదు. రోడ్డు కేఎల్ఎక్స్‌కి ఏబీఎస్ ఉంది, అంటే బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది. ఆర్ ఎస్‌కి లేదు. ఏబీఎస్ బయట కొని బిగించుకునే వస్తువు కాదు. చక్రానికి పళ్ల రింగు, దాని పక్కన సెన్సరు, బ్రేకు పైపుల మధ్యలో మాడ్యులేటరు, వీటన్నింటికీ కలిపి వైరింగు కావాలి. ఆఫ్‌రోడ్ బండ్లలో చాలావాటికి కరెంటు పుట్టించే కాయిల్ కూడా చిన్నదే ఉంటుంది. హెడ్‌లైటు, హారను, బ్రేక్ లైటు అన్నీ ఒకేసారి వాడితే తట్టుకోదు. గడ్డల టైరు సంగతి వేరే చెప్పాలి. తడి తారు మీద ముందు బ్రేకు గట్టిగా పట్టి చూడండి, ఆ గడ్డలు రోడ్డుని పట్టుకోవు, అడుగున మెలికలు తిరుగుతాయి. మా షెడ్డుకి అలా పడి వచ్చిన బండ్లు చాలానే చూశాను.

గుట్టలరాజు:
మన ఊళ్లలో ఏబీఎస్ లేని పాత బండ్లు లక్షల్లో తిరుగుతున్నాయి. వాటికి ఆర్సీ లేదా?

స్పానర్_12_13:
అవి తయారైన రోజున ఏబీఎస్ తప్పనిసరి అన్న రూలు లేదు. మీ బండి తయారైన రోజున ఉంది.

గుట్టలరాజు:
సరే, చట్టమే మాట్లాడుకుందాం. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) చదవండి. రోడ్ల మీద వాడటానికి అనువుగా చేసిన బండే మోటారు వాహనం. ఫ్యాక్టరీలోనో, ప్రహరీ లోపలో మాత్రమే వాడటానికి చేసిన ప్రత్యేక రకం బండి ఆ లెక్కలోకి రాదు. ట్రాక్ కోసమే చేసిన బండి మోటారు వాహనమే కాదన్నప్పుడు దానికి రిజిస్ట్రేషన్ లేదని పట్టుకోవడం ఏం న్యాయం? విశాఖ స్టీల్ ప్లాంటు యార్డు లోపల తిరిగే లారీల మీద ట్యాక్స్ వేస్తే 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఏమంది? పబ్లిక్ ప్లేసులో తిరగని బండికి ట్యాక్స్ కట్టక్కర్లేదంది. ఆ తీర్పు మన ఆంధ్ర కేసులోనే వచ్చింది.

ఎడమవైపు:
గుట్టలరాజు గారూ, మీరే రెండు నోళ్లతో మాట్లాడుతున్నారు. రోడ్డు మీద తిరగడానికి ఆర్సీ ఇవ్వాలంటారు, మళ్లీ అది రోడ్డు బండే కాదంటారు. రెండింట్లో ఏదో ఒకటి తేల్చండి. స్టీల్ ప్లాంటు కేసు ట్యాక్స్ గురించి. ఆ యార్డుకి గోడ ఉంది, గేటు ఉంది, కాపలా ఉంది. మీ గుట్టకి ఏముంది? జనం హక్కుగా వెళ్లగలిగే చోటు ఏదైనా పబ్లిక్ ప్లేసే అని సెక్షన్ 2(34) చెబుతోంది. మేకలు తోలుకెళ్లే బాట కూడా అందులోకి వస్తుంది. ఇక సెక్షన్ 39 అయితే రిజిస్ట్రేషన్ లేని బండిని 'పబ్లిక్ ప్లేసులో గానీ, మరే ఇతర చోట గానీ' నడపకూడదంటుంది. ఆ 'మరే ఇతర చోట' అన్న మాటని దాటేసి మిగతా చట్టం చదివితే ఎలా?

గుట్టలరాజు:
'మరే ఇతర చోట' అన్నారు కదా, అయితే ట్రాక్ మీద కూడా నడపకూడదా? కంపెనీలు ఈ బండ్లు షోకేసులో పెట్టుకోవడానికి అమ్ముతున్నాయా? జీఎస్టీ ఎందుకు తీసుకున్నారు?

ఎడమవైపు:
మూసిన ట్రాక్‌కి 2(28) మినహాయింపు వర్తిస్తుంది. తారు రోడ్డుకి వర్తించదు. పొలంబాట గారు అడిగింది తారు రోడ్డు గురించి.

గుట్టలరాజు:
ట్రాక్ ఎక్కడుంది సార్ మా దగ్గర? చెప్పండి, రేపే పోతా.

కొత్తరైడర్:
రెండు పేజీలైంది, పొలంబాట అన్నకి జవాబు దొరికిందా?

జెట్‌స్పీడ్:
ఇంత చర్చ ఎందుకు బ్రో. స్క్రాప్‌కి వెళ్లే పాత బండి సి బుక్కు కొనుక్కో, చాసిస్ నంబరు కొట్టించుకో, అయిపోయింది. మా వైపు ఇద్దరు ముగ్గురు అలాగే తిప్పుతున్నారు. టెన్షన్ లేదు.

ఎడమవైపు:
పొలంబాట గారూ, ఇలాంటివాళ్ల మాట వినకండి. చాసిస్ నంబరు దిద్దడం క్రిమినల్ కేసు. రేపు మీ బండి కింద ఎవరైనా పడితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట చూసేది ఆ నంబరే. అది ఈ బండిది కాదని తేలాక పాలసీ మీకు కాపలా కాయదు. అడ్మిన్ గారూ, ఆ పోస్టు తీసేయండి.

గుట్టలరాజు:
చాసిస్ నంబరు దిద్దమని నేనూ చెప్పను. కానీ మనుషులు అటు ఎందుకు పోతున్నారో కూడా ఆలోచించాలి. న్యాయంగా వెళ్దామంటే తలుపే లేకపోతే గోడ దూకేవాడు దూకుతాడు.

ఎడమవైపు:
అంటే దొంగ నంబరు పెట్టుకున్నవాణ్ని వెనకేసుకొస్తున్నారన్నమాట.

గుట్టలరాజు:
నేనెవర్నీ వెనకేసుకు రావట్లేదు! మీకు అన్నీ కాగితం మీద కనిపిస్తాయి కాబట్టి మనుషులు కనబడరు. నా బండి ఏమైందో చెప్తా వినండి. నీలగిరి తోటలో నుంచి ఎదురుగా ఉన్న తోటలోకి వెళ్లాలంటే రోడ్డు దాటాలి. ఇంజను ఆపేసి, దిగి, నెట్టుకుంటూ దాటుతుంటే పట్టుకున్నారు. నడపట్లేదు సార్, నెడుతున్నాను అన్నా వినలేదు. స్టేషన్ వెనక చింతచెట్టు కింద వర్షాకాలమంతా పడేశారు. తిరిగొచ్చేసరికి చెయిను తుప్పు పట్టి బిగుసుకుపోయింది, సీటు చింపి ఉంది, ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఎలుక గూడు పెట్టింది. జరిమానా కడతానన్నా, ఇన్సూరెన్స్ కడతానన్నా. ఇన్సూరెన్స్ ఆఫీసుకి పోతే ఆర్సీ ఏదన్నారు. ఆర్సీ ఆఫీసుకి పోతే ఫారం 22 ఏదన్నారు. షోరూంకి పోతే బిల్లు చూసి తల ఊపారు. తప్పు చేసినవాడికైనా శిక్ష అయ్యాక దారి చూపిస్తారు. నాకు చూపించలేదు.

కొత్తరైడర్:
నెట్టుకుంటూ వెళ్తుంటే కూడానా? ఘోరం.

ఎడమవైపు:
మీ బండి పాడవడం బాధాకరమే. కానీ అది చట్టం మారాలనడానికి కారణం కాదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే సెక్షన్ 192 కింద మొదటిసారికి 2,000 నుంచి 5,000 రూపాయల జరిమానా. ఇన్సూరెన్స్ లేకపోవడం 196 కింద వేరే. ఇవి ఊరికే రాయలేదు.

గుట్టలరాజు:
మళ్లీ సెక్షన్లు. నువ్వు ఎప్పుడైనా బండి మీద గుట్ట ఎక్కావా? మనిషి బాధ చెబుతుంటే నంబర్లు చదువుతావేంటి?

ఎడమవైపు:
బాధ మీ ఒక్కరికే ఉందనుకోకండి. మా తమ్ముడి కుడికాలు మోకాలి కింద లేదు. ట్రాలీ ఆటో గుద్దింది. దానికి నంబరుంది, ఇన్సూరెన్స్ ఉంది, పర్మిట్ ఉంది. కొత్తగా చేయించిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా ఉంది. వెనక బ్రేకు డ్రమ్ము విప్పి చూస్తే లైనర్లు అరిగి రివెట్లు ఇనుముకి రాసుకుంటున్నాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆ బండిని చూడకుండానే సంతకం పెట్టాడు. నేను ఆ డ్రమ్ముని నా కళ్లతో చూశాను. మీరేమో ఇంటి దగ్గర బిగించుకున్న లైట్లు, హారను చూసి అలాంటివాళ్లే మీ బండికి సంతకం పెట్టాలంటారు. నేను ఒప్పుకోను. కంపెనీ పరీక్షలో కనీసం బండిని యంత్రం మీద పెట్టి చూస్తారు.

స్పానర్_12_13:
ఎడమవైపు గారూ, మీ తమ్ముడి సంగతి విని చాలా బాధేసింది. రివెట్లు డ్రమ్ముకి తగిలేదాకా వచ్చిందంటే ముందు నుంచే కీచుమని చప్పుడు వస్తుంది. నడిపేవాడికి తెలియకుండా ఉండదు.

ఫారం20:
నేను ఆర్టీవో పనులు చేసే ఆఫీసులో పనిచేస్తాను, మొదటి నుంచి చదువుతున్నాను. మీ ఇద్దరి గొడవ సెక్షన్ 39 మీద కాదు, 2(28) మీదా కాదు. ఇవాళ ఉన్న చట్టంలో ఈ బండికి ఆర్సీ రాదు, అందులో ఎడమవైపు గారిదే కరెక్టు. ఆన్‌లైన్‌లో కంపెనీ పేరు, మోడలు ఎంచుకునే చోటే ఆగిపోతుంది, ఆఫీసరు మంచివాడైనా చేసేదేం లేదు. మన టైప్ అప్రూవల్ తయారీదారుకి, దిగుమతిదారుకి పెట్టిన పద్ధతి. ఒక్క బండి పట్టుకొచ్చి దీన్ని పరీక్షించండి అని మామూలు ఓనరు అడగడానికి కౌంటరు లేదు. అలాంటి కౌంటరు పెట్టాలా వద్దా అన్నదే మీరు కొట్లాడుకుంటున్నది.

గుట్టలరాజు:
అదే నేను మొదటి నుంచి అడుగుతున్నది! బ్రిటన్‌లో ఉంది. ఒక్క బైకునే పరీక్షించి ఆమోదించే పద్ధతి, ఎంఎస్‌వీఏ అంటారు. బ్రేకులు, లైట్లు, శబ్దం, పొగ అన్నీ చూస్తారు. పాసైతేనే రిజిస్ట్రేషన్‌కి పోవాలి, ఫెయిలైతే సరిచేసుకుని మళ్లీ రావాలి. ఫీజు కడతా, పుణె దాకా బండి నేనే మోసుకెళ్తా. ఫెయిల్ చేస్తే ఫెయిల్ చెయ్యండి, బండి చూసి చెయ్యండి. ఎడమవైపు గారూ, మీ తమ్ముడికి అన్యాయం చేసింది చూడకుండా పెట్టిన సంతకం. నేను అడిగేది చూసి పెట్టే సంతకం. మన ఇద్దరికీ గొడవ ఎక్కడ?

ఎడమవైపు:
గొడవ ఉంది. చూస్తారని మీకు నమ్మకం ఉంది, నాకు లేదు. బ్రిటన్‌లో చూసేవాళ్లున్నారు కాబట్టి అక్కడ నడుస్తుంది. ఇక్కడ కౌంటరు తెరిచిన మర్నాడే బయట ఏజెంటు బల్ల వేసుకుని కూర్చుంటాడు. యంత్రాలతో, కెమెరా ముందు ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్‌లో చేస్తామంటే అప్పుడు ఆలోచిస్తా. అంతకు ముందు కాదు.

గుట్టలరాజు:
యంత్రం మీదే పెట్టండి. నేనెప్పుడు వద్దన్నాను? కానీ ఆ స్టేషన్లు వచ్చేదాకా మమ్మల్ని దొంగల్లా చూడొద్దు.

ఎడమవైపు:
రోడ్డు మీదికి రాకపోతే ఎవరూ చూడరు.

గుట్టలరాజు:
మళ్లీ మొదటికే వచ్చారు.

పొలంబాట:
అందరికీ థ్యాంక్స్. ఎడమవైపు గారూ, మీ తమ్ముడు త్వరగా కోలుకోవాలి. ఆర్సీ ఆశ వదిలేశాను. మా బాబాయి బొలేరో పికప్‌లో ఎక్కించి గుట్ట మొదట్లో దింపుకుంటాను. రోజూ పొలానికి మాత్రం నంబరున్న బండే వాడతాను. పికప్‌లో తీసుకెళ్తుంటే ఆపితే ఏం చూపించాలి?

ఫారం20:
ఒరిజినల్ ఇన్‌వాయిస్, పాత ఓనరు మీకు అమ్మినట్టు రాసిచ్చిన కాగితం. చాసిస్, ఇంజను నంబర్ల మీద మట్టి లేకుండా తుడిచి ఉంచండి. నంబరు లేని బండి కనిపిస్తే దొంగబండేమోనని మొదట అవే చూస్తారు. బండి ట్రేలో గట్టిగా కట్టి ఉండాలి, స్టార్ట్ చేసి ఉండకూడదు. గుట్ట అటవీ శాఖదైతే అనుమతి వేరే కావాలి, ఫారెస్టు రేంజ్ ఆఫీసులో ముందే అడగండి.

స్పానర్_12_13:
రోడ్డుకీ గుట్టకీ ఒకటే బండి కావాలంటే ఆర్ ఎస్ అమ్మేసి మామూలు కేఎల్ఎక్స్ 230 చూడండి. లేదంటే హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ ప్రో. మొదట్లో హీరో పొడవు సస్పెన్షన్ ఉన్న ర్యాలీ కిట్టు విడిగా అమ్మేది, అది రోడ్డుకి కాదు. 2023లో వచ్చిన ప్రోలో పొడవు సస్పెన్షన్ కంపెనీ నుంచే వస్తుంది, నంబరు ప్లేటుతో. సెకండ్ హ్యాండ్‌లో చూసేటప్పుడు ముందు ఫోర్కు సీళ్ల దగ్గర ఆయిల్ మరకలున్నాయేమో వేలితో తుడిచి చూడండి.

గుట్టలరాజు:
పొలంబాట తమ్ముడూ, అమ్మేటట్టయితే నాకు మెసేజ్ పెట్టు.