ఇంగ్లండ్‌లో కొత్త ఇల్లు: స్లేటు పలకల కింద ఏ అండర్‌లే వేయాలి?

కావలి నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది కావలి, ఇంగ్లండ్‌కు కొత్తవాళ్లం. యార్క్‌షైర్‌లో స్థలం కొని ఇల్లు మొదలుపెట్టాం. స్లేటు కప్పు. పలకల కింద పరిచే పొరగా (అండర్‌లే అంటారు) ఆవిరిని వదిలే మెంబ్రేన్ వేస్తే అటకకు గాలి సందులే అక్కర్లేదని కప్పు పనివాడు అంటున్నాడు. నమ్మవచ్చా? ఏ రకం కొనమంటారు?

ఒంగోలు నుంచి జవాబు:
తమ్ముడూ, అతను చెప్పింది సగం నిజం. బ్రాండు సంగతి తర్వాత చూద్దాం. కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు శ్లాబు కారకపోతే చాలనుకునే ఊళ్ల నుంచి వచ్చాం మనం. ఇక్కడ పైనుంచి పడే వానతో పాటు కిందినుంచి లేచే ఆవిరినీ లెక్కలోకి తీసుకోవాలి. స్నానాలు, ఇడ్లీ పాత్ర, గదిలో ఆరేసిన బట్టలు, వీటి తడిగాలి సీలింగు సందుల్లోంచి అటకలోకి చేరుతుంది. చలికాలం రాత్రి చల్లబడ్డ పొర అడుగున బొట్లు కడుతుంది. పాతకాలపు తారు ఫెల్ట్ ఆవిరిని దాదాపు పోనివ్వదు కాబట్టి చూరు దగ్గర, కొన్ని కప్పులకు కొప్పు (రెండు వాలులు కలిసే పై అంచు) దగ్గర కూడా గాలి సందులు తప్పనిసరి. కొత్త రకం పొర నీటిని ఆపి ఆవిరిని వదులుతుంది. అయితే ఆ వదిలే వేగానికి ఒక హద్దుంది.

కొత్త ఇంట్లో ఆ హద్దు ఇట్టే దాటిపోతుంది. ప్లాస్టరింగు, నేల మీద పోసిన సిమెంటు, రంగులు, అన్నీ ఆరుతూ మొదటి చలికాలమంతా తడి వదులుతూనే ఉంటాయి. అందుకే కొత్త ఇళ్లకు వారంటీ ఇచ్చే ఎన్‌హెచ్‌బీసీ ప్రమాణాలు కూడా, ఇన్సులేషన్ సీలింగు మీద ఉండే అటకలకు, ఈ మెంబ్రేన్ వేసినా కొప్పు పొడవునా 5 మిల్లీమీటర్ల సందుకు సమానమైన గాలిదారి అడుగుతాయి. వాసాల మధ్య ఇన్సులేషన్ పెడితే లెక్క వేరు. నీది ఏదో ముందు తేల్చుకో.

పైగా నీది స్లేటు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లం, అది ఎంత నునుపుగా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా! పలక మీద పలక బిగువుగా కూర్చుంటుంది, పెంకుల మధ్య ఆడినంత గాలి ఆడదు. మెంబ్రేన్ దాటిన ఆవిరి అక్కడే చిక్కుకుంటుంది. వాసాల వెంబడి నిలువు బద్దలు కొట్టించి, వాటి మీద అడ్డ బద్దలు వేయించు. మెంబ్రేన్‌కూ పలకలకూ మధ్య గాలి ఆడుతుంది. ఖర్చు కొంత పెరుగుతుంది, పెరగనీ.

ఇక కొనాల్సిన మెంబ్రేన్ చుట్ట. ఆవిరి నిరోధం, అంటే ఆవిరిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, 0.25 ఎంఎన్‌ఎస్/గ్రా. (మెగాన్యూటన్ సెకన్లు/గ్రాము) మించకపోతేనే దాన్ని ఆవిరిని వదిలే రకం కింద లెక్కిస్తారు. లేబుల్ మీద గాలి జోన్లు (గాలి తాకిడిని బట్టి చేసిన ప్రాంతాల విభజన) 1 నుంచి 5 వరకు ఉంటాయి. నీ స్థలం ఏ జోనో, బద్దల ఎడం ఎంతో చూసి కొను. కింద చెక్క పరవకుండా వాసాల మీదే పరిస్తే వాలు 15 నుంచి 34 డిగ్రీలైతే అడ్డ అతుకు (ఒక వరుస మీదికి పై వరుస ఎక్కే మేర) 150 మిల్లీమీటర్లు, 35 గానీ ఆపైన గానీ అయితే 100.

నెల్లూరు నుంచి:
అన్నయ్య చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. మాకు తెలిసినవాళ్ల కొత్త ఇంట్లో స్నానాల గది ఎగ్జాస్ట్ గొట్టాన్ని అటకలోనే వదిలేసి వెళ్లారు. సంక్రాంతి నాటికి వాసాల మీద బూజు. ఏ మెంబ్రేన్ వేసి ఏం లాభం? గొట్టం ఇంటి బయటికి రావాలి. అటక తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, సీలింగు లైట్ల రంధ్రాలకు సీలు వేయించండి. చూరు అంచున మెంబ్రేన్ ఎండకు బయటపడితే పాడవుతుంది. అక్కడ గట్టి ప్లాస్టిక్ పట్టీ వేసి, దాని మీదుగా నీళ్లు గట్టర్‌లోకి జారేలా చేయించండి.

కావలి నుంచి:
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. కొప్పు గాలిదారి కొటేషన్‌లో లేదు, ఇప్పుడే చూశాను. నిలువు బద్దలు కూడా లేవు. రెండూ రాసి ఇస్తేనే అడ్వాన్స్ ఇస్తానని చెబుతాను.