2009 వరద నీటిమట్టాన్ని ఇంటి గోడ మీదే ఏఆర్‌లో చూపించాలి: ఎత్తు కుదరట్లేదు (కర్నూలు)

హంద్రీగట్టు:
2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చినాయో ఆ ఇంటి ముందే ఫోన్ ఎత్తి చూడాలి, ఆ ఇంటివాళ్ల మాట వినాలి. ఇదీ పని. ఏఆర్ అంటే ఫోన్ కెమెరాలో కనిపించే చోటి మీదే బొమ్మను కలిపి చూపించడం. యాప్ చేస్తున్నది యూనిటీ (3డీ యాప్‌లు చేసే సాఫ్ట్‌వేర్), దానికి ఏఆర్ తగిలించే ఏఆర్ ఫౌండేషన్‌లో. జీపీఎస్‌తో పెడితే నీళ్లు పూటకో ఎత్తులో కనిపిస్తున్నాయి.

కడపరాయి:
అన్నా, ఎత్తుకు జీపీఎస్‌ను నమ్మొద్దు. అడ్డంగా కొన్ని మీటర్లు తప్పుతుంది, నిలువుగా ఇంకా ఎక్కువ. గడప పైఅంచును సున్నా అనుకోండి. రోడ్డు నుంచి కొలవొద్దు, సిమెంటు పొరల మీద పొరలేసి ఎత్తు పెరిగుంటుంది. గడప కూడా తర్వాత లేపినారేమో అడగండి. ఇంటి పెద్దావిడ గోడకు చెయ్యి ఆనించి "ఇంతవరకు" అని చూపించిన చోటికి టేపు పట్టండి. గుర్తుబొమ్మ (ఫోన్ చోటు పోల్చుకోడానికి గోడకు అంటించే బొమ్మ) నడిమధ్య 140 సెం.మీ. దగ్గర ఉండి, నీళ్లు 210 దాకా వచ్చుంటే, నీటి పొరను బొమ్మకు 0.70 పైన పెట్టాలి. యూనిటీలో 1 అంటే 1 మీటరు. బొమ్మ వెడల్పు 0.2 బదులు 0.25 అని ఇచ్చారంటే నీళ్లు కిందికి దిగిపోయి కనిపిస్తాయి.

అనంత_గడియారం:
బొమ్మ ఒక్కో వైపు కనీసం 15 సెం.మీ. ఉండాలి, ఫైలు ఒక్కో వైపు 300 పిక్సెళ్లకు తగ్గకూడదు. ఏఆర్‌కోర్ టూల్‌లో (బొమ్మను ఫోన్ ఎంత బాగా పట్టుకుంటుందో వందకు మార్కులేసే గూగుల్ సాధనం) మార్కు 75 దాటాలి. ముగ్గు, జాలీ లాంటివి వద్దు, ఒకే ఆకారం మళ్లీమళ్లీ వస్తే పట్టుకోలేదు. ఆ ఇంటి పాత ఫోటో బాగా పనిచేస్తుంది. మెరిసే ఫ్లెక్స్ మన ఎండకు అద్దంలా కొడుతుంది, మ్యాట్ వినైల్ వేయించండి. మొదటిసారి పట్టుకోవాలంటే కెమెరాలో పావు వంతైనా బొమ్మే నిండాలి, కాబట్టి నిలబడే చోట సున్నంతో గీత గీయండి.

హంద్రీగట్టు:
ఎత్తు కుదిరింది, థాంక్స్ అన్నా. కానీ గోడ అవతల ఉండాల్సిన నీళ్లు కూడా గోడ ముందుకొచ్చి తేలుతున్నాయి.

కడపరాయి:
యూనిటీలో కెమెరాకు ఏఆర్ ఆక్లూజన్ మేనేజర్ (నిజం వస్తువు వెనక ఉండాల్సినదాన్ని దాచేది) తగిలించండి, 5 మీటర్ల లోపలైతే బాగుంటుంది. డెప్త్ (వస్తువు ఎంత దూరముందో తెలుసుకునే సౌకర్యం) లేని ఫోన్ల కోసం గోడ ఉన్నచోట కంటికి కనబడని పలక ఒకటి పెట్టి, దానికి డెప్త్ మాత్రమే రాసే షేడర్ (దేన్ని ఎలా గీయాలో చెప్పే చిన్న ప్రోగ్రాం) ఇవ్వండి, పలక వెనకున్న నీళ్లు దాగిపోతాయి. నన్నడిగితే చెరువంత నీళ్లు అక్కర్లేదు. గోడ మీద తడి గీత, దాని కింద బురద మరక చాలు, చూసేవాళ్లకు తమ తల ఎక్కడుందో అర్థమవుతుంది.

అనంత_గడియారం:
ఇంటివాళ్ల మాటల ఆడియో మోనోలో (ఒకే చానెల్), స్పేషియల్ బ్లెండ్ (శబ్దం ఆ చోటి నుంచే వస్తున్నట్టు వినిపించే యూనిటీ అమరిక) 1. తలుపులేసి రికార్డు చేయండి, ఆటోల మోత రాకుండా. ఫైళ్లు యాప్ లోపల పెట్టొద్దు, సర్వర్‌లో ఉంచండి. ఆ రాత్రి గురించి చెప్పినాక ఎవరైనా తీసేయమంటే అదే రోజు తీసేయాలి. యాప్‌లోనే ఉంటే జనం ఫోన్లలోంచి వెనక్కి తీసుకోలేం.