కళ్ళు తెరవని మూడు పిల్లి కూనలు: వయసెంత, ఏం పట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా మెట్ల కింద పాత అట్టపెట్టెలో ఒక పిల్లి మూడు కూనల్ని పెట్టింది. ఏ రోజు పెట్టిందో తెలీదు. కళ్ళు మూసుకునే ఉన్నాయి, చెవులు తలకి అతుక్కుపోయినట్టున్నాయి. ఒకదానికి బొడ్డు దగ్గర ఎండిన దారంలాంటిది వేలాడుతోంది. తల్లి వచ్చి పాలిచ్చి పోతోంది గానీ నిన్న మూడు గంటలసేపు కనబడలేదు. ఆవుపాలు పట్టమంటారా?

జవాబు:
ఆవుపాలు వద్దండీ, నీళ్ళు కలిపినా సరే. అవి పడక విరేచనాలు పట్టుకుంటే అంత చిన్న ప్రాణం ఒక్క పూటలో నీరసించిపోతుంది. తల్లి లేనప్పుడు పట్టాల్సింది పిల్లి కూనల కోసమే తయారుచేసే పాలపొడి. మీకు ఇంకా ఆ అవసరం రాలేదనే అనుకుంటున్నాను.

వయసు ఆ దారమే చెబుతోంది. అది బొడ్డుపేగు. పుట్టిన మూడు నుంచి ఐదు రోజుల్లో ఎండి రాలిపోతుంది. కాబట్టి ఐదు రోజుల లోపువే. కళ్ళు ఏడు నుంచి 14 రోజుల మధ్య తెరుచుకుంటాయి. ఒక కన్ను ముందు, రెండోది తర్వాత తెరుచుకోవడమూ మామూలే. మీరు వేలు పెట్టి విడదీయకండి. చెవి రంధ్రాలూ సుమారుగా అప్పుడే తెరుచుకుంటాయి, చెవులు నిక్కేసరికి మూడు వారాలు పడుతుంది. ప్రస్తుతం వాటికి చూపూ లేదు, వినికిడీ లేదు. వాసన, వెచ్చదనం ఆనవాలుగా తల్లి పొట్ట దగ్గరికి దేక్కుంటూ పోతాయి.

తల్లి తిండికి పోయి ఉంటుంది. కూనలు పొట్టలు గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటే దిగులు లేదు. ఒళ్ళు చల్లబడి, ఆపకుండా అరుస్తుంటే అప్పుడు కంగారు పడాలి. మాటిమాటికీ పెట్టెలోకి తొంగిచూడకండి, మకాం మార్చేస్తుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా. ఏడు దాకా నేనెప్పుడూ లెక్కపెట్టలేదు గానీ మా పెరట్లోది మూడు మార్చింది.

ఒక్క పని మాత్రం చేయండి. తల్లి బయటికెళ్ళినప్పుడు గ్రాములు చూపే వంటింటి కాటా మీద ఒక్కోదాన్ని తూచి రాసుకోండి. పుట్టినప్పుడు వంద గ్రాములు అటూ ఇటూగా ఉంటాయి, రోజుకి 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. కూనకి ఒంట్లో బాగాలేదని అరుపు కంటే ముందు కాటా చెబుతుంది.

మరొకరు:
పైవారు చెప్పినదానికి నా తప్పు ఒకటి కలుపుతాను. తల్లి లేని కూన ఒకటి దొరికితే చంటిబిడ్డని పట్టుకున్నట్టు వెల్లకిలా పడుకోబెట్టి సిరంజితో పాలు పట్టాను. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయి, రెండో రోజుకి దక్కలేదు. కూనని తల్లి దగ్గర తాగేటప్పుడు ఎలా ఉంటుందో అలా, బోర్లా ఉంచే పట్టాలి. ఇంకో సంగతి, చల్లబడ్డ కూనకి పాలు పట్టకూడదు. ఒళ్ళు చల్లగా ఉంటే తాగింది అరగదు. ముందు మెల్లగా వెచ్చబెట్టండి, తర్వాతే పాలు. మొదటి వారంలో వాటికి వణకడం కూడా రాదు, అందుకే పడక 30 డిగ్రీల పైన వెచ్చగా ఉండాలి.

ప్రశ్న అడిగినావిడ, తొమ్మిది రోజుల తర్వాత:
తూచానండీ! మొదటి రోజు 136, 128, 97. ఈరోజు 245, 232, 150. పెద్దవాటికి కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి, నీలంగా ఉన్నాయి. చిన్నదానికి కుడి కన్ను సందు మాత్రమే. మిగతా రెండూ దాన్ని తోసేస్తున్నాయి. ఇంకోటి, ఇవి మలమూత్రాలు పోసిన జాడే పెట్టెలో లేదు, జబ్బా?

జవాబు:
జాడ లేకపోవడం మంచిదే. మూడు వారాల దాకా వాటంతట అవి పోయలేవు. తల్లి నాకితేనే వస్తుంది, వచ్చింది కూడా ఆమే శుభ్రం చేసేస్తుంది. తల్లి లేకపోతే పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చని తడిదూదితో మనం తుడవాలి.

చిన్నదాని లెక్కే నచ్చలేదు. తొమ్మిది రోజుల్లో 53 గ్రాములంటే రోజుకి ఆరు కూడా లేదు. కూనలు మొదటి కొద్దిరోజుల్లోనే ఎవరి చన్ను వాళ్ళు పంచేసుకుంటాయి, బలహీనమైనది ఆ పంపకంలో ఓడిపోతుంది. మిగతా రెంటినీ కాసేపు వెచ్చగా పక్కన పెట్టి దీన్నొక్కదాన్నే తాగనివ్వండి, పైన ఆ పాలపొడి పాలు కూడా పట్టండి. బరువు ఏ రోజైనా తగ్గిందంటే మాత్రం రేపు చూద్దామనుకోకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. వెళ్ళినప్పుడు నులిపురుగుల మందూ అడగండి. ఏలికపాములు తల్లిపాల నుంచే కూనలకి వస్తాయి.

అడిగినావిడ, నాలుగో వారం:
చిన్నది 290 దాటింది! ముగ్గురూ తాగినవాళ్ళలా తూలుతూ పెట్టెలోంచి బయటికొచ్చేశారు. తోకలు జెండా కర్రల్లా నిలబెట్టి నడుస్తున్నారు. ముందు పళ్ళు బియ్యపు నూకల్లా కనిపిస్తున్నాయి. గోళ్ళు నా చీరకి పట్టుకుని ఊడి రావడం లేదు.

జవాబు:
గోళ్ళు లోపలికి ముడుచుకోవడం వాటికిప్పుడిప్పుడే వస్తుంది, ఓర్చుకోండి. పళ్ళు వచ్చాక పాలు తాగుతూ కొరుకుతుంటే తల్లే విసుక్కుని లేచిపోవడం మొదలెడుతుంది. పాలు మాన్పించే పని ఆమె మొదలుపెట్టినట్టే. కూనల మెత్తటి తిండిని ఆ పాలపొడి పాలతో జావలా కలిపి పళ్ళెంలో పెట్టండి. మొదటి రోజు తినడం కంటే అందులో నడవడమే ఎక్కువ. ఎనిమిదో వారానికి పూర్తిగా తిండికి అలవాటు పడతాయి. మలమూత్రాలకి అంచులు తక్కువున్న ట్రేలో మట్టి పోసి పెట్టండి, తవ్వడం ఎవరూ నేర్పక్కర్లేదు. తడిస్తే ఉండకట్టే రకం మట్టి మాత్రం ఇప్పుడే వద్దు, ఈ వయసులో దాన్నీ తిని చూస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం, రోజూ చేతుల్లోకి తీసుకోండి. రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చెయ్యి తగిలిన కూన జన్మంతా మనిషికి జడవదు. ఆ వారాలు దాటిపోయాక మచ్చిక చేయడం చాలా కష్టం.

అడిగినావిడ, ఏడో వారం:
బంధువులొకరు ఒకదాన్ని ఈ ఆదివారమే తీసుకెళ్తామంటున్నారు. తిండి బాగానే తింటున్నాయి, ఇచ్చేయొచ్చా? నీలం కళ్ళు కాస్తా ఆకుపచ్చకి తిరుగుతున్నాయి.

జవాబు:
కళ్ళ రంగు అలాగే మారుతుంది, మూడు నెలలకి అసలు రంగు తేలుతుంది. ఇవ్వడం మాత్రం ఎనిమిది వారాల లోపు వద్దు. నన్నడిగితే 12 వారాలు. కడుపు నిండడం ఒకటే కాదు కదండీ. ఆటలో గట్టిగా కొరికితే తోటి కూన కీచుమని వదిలేసి పోతుంది, అలా నేర్చుకున్నదానికి పట్టు ఎంతవరకో తెలుస్తుంది. ఒంటరిగా పెరిగినది మీ చేతుల మీద నేర్చుకుంటుంది. మొదటి టీకా ఆరు, ఎనిమిది వారాల మధ్య వేయించి, 16 వారాలు దాటేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయిస్తూ రావాలని తీసుకెళ్ళేవాళ్ళకి చెప్పండి.

మరొకరు:
ఆడుకోవడానికి దారం, ఉన్ని ఉండ ఇవ్వకండి. పిల్లి నాలుక మీది ముళ్ళు గొంతు వైపు వంగి ఉంటాయి, నోట్లో పడ్డ దారాన్ని ఉమ్మలేదు. పేగుల్లో చిక్కుకుంటే ఆపరేషనే.

అడిగినావిడ, నాలుగో నెల:
ఒకటి వెళ్ళింది, రెండు మాతోనే. ఈరోజు ఊడుస్తుంటే బియ్యపుగింజంత పన్ను దొరికింది, వాడియైన మొనతో. దెబ్బ తగిలిందేమోనని భయపడ్డాను.

జవాబు:
పాలపన్నండీ, దాచుకోండి. చాలామందికి దొరకనే దొరకదు, మింగేస్తాయి. 26 పాలపళ్ళు రాలి ఆరో నెలకి 30 శాశ్వతమైనవి వస్తాయి. కానీ ఆ పన్ను ఇంకో మాట కూడా చెబుతోంది. నాలుగు నెలలకే కొన్ని ఆడకూనలు ఎదకొస్తాయి, చూడ్డానికి ఇంకా పసికూనే అయినా. అన్నాచెల్లెళ్ళన్న పట్టింపు వాటికుండదు. ఐదో నెల దాటకుండా ఇద్దరికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఏడాది నిండితేగానీ ఎదుగుదల పూర్తికాదు, ఈలోపు కాళ్ళూ చెవులూ ఒంటికి మించి పొడుగ్గా కనిపిస్తే ఖంగారు పడకండి.

ఇంతకీ తల్లి సంగతేమిటి? చూలు నిండా తొమ్మిది వారాలే. పాలిస్తూ కూడా కట్టగలదు.

అడిగినావిడ:
పొద్దున్న మెట్ల కింద అట్టపెట్టె గోకుతోంది. ఇప్పుడే డాక్టరుకి ఫోన్ చేస్తున్నాను.