2021 నాటి ఒక రాత్రి ఇంకా నన్ను వదల్లేదు. మీలో ఎవరికైనా ఇలా ఉందా?

విజయనగరం స్టాఫ్ నర్సు:
2021 మేలో కోవిడ్ వార్డులో నైట్ డ్యూటీలు చేశాను. పీపీఈ కిట్ వేసుకుంటే ఆరు గంటలు మంచినీళ్లు లేవు, బాత్రూమ్ లేదు. అవన్నీ మర్చిపోయాను. గజపతినగరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడను మాత్రం మర్చిపోలేకపోతున్నాను. తెల్లవారుజామున పోయింది. కొడుకుని లోపలికి రానివ్వలేదు. ఒంటిమీద వస్తువులు తీసి అప్పగించాలి. కాళ్లు ఉబ్బిపోయి మెట్టెలు రావడం లేదు. జెల్లీ రాసి, రెండు జతల గ్లౌజులతో మెల్లగా తిప్పుతూ తీశాను. "నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగాను, పోయిన మనిషిని. గాజ్ ముక్కలో చుట్టి, ప్లాస్టర్ మీద బెడ్ నంబర్ రాసి, గేటు దగ్గర ఆ అబ్బాయి చేతిలో పెట్టాను. "అమ్మ ఏమైనా అడిగిందా?" అన్నాడు. "నిన్నే అడిగింది బాబూ" అన్నాను. ఆవిడ రాత్రంతా అడిగింది నీళ్లు. నలభై మందికి ఇద్దరం. ఒక్కసారే ఇవ్వగలిగాను.

మొన్న మా అత్తగారి కాళ్లకు నూనె రాస్తుంటే మెట్టెలు తగిలి చెయ్యి వణికిపోయింది. నిద్ర సరిగ్గా లేదు. ఇంట్లో చెబితే "అదెప్పుడో అయిపోయిందిగా" అంటున్నారు. మీరేం చేశారు?

ఆమదాలవలస ఏఎన్ఎం (ఊళ్లో ఆరోగ్య కార్యకర్త):
అక్కా, మాకు ఊరే వార్డు. లాక్‌డౌన్‌లో చెన్నై నుంచి తిరిగొచ్చిన వాళ్ల ఇళ్లకు రోజూ వెళ్లి జ్వరం చూసేదాన్ని. కోవిడ్ భయంతో వీధిలో వాళ్లు నన్ను అద్దె గది ఖాళీ చెయ్యమన్నారు. అదే వీధిలో ఇప్పుడు వాళ్ల పిల్లలకే టీకాలు వేస్తున్నాను. నవ్వుతూ పలకరిస్తారు, నాకు మాట రాదు. 2022లో డబ్ల్యూహెచ్ఓ ఆశా వర్కర్లకు అవార్డు ఇచ్చిందని మా ఆశా ఫోన్‌లో చూపిస్తూ ఏడ్చేసింది. నాకూ ఆగలేదు.

శ్రీకాకుళం 108 పైలట్ (అంబులెన్స్ డ్రైవర్):
మేడమ్, 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని, మనసు బాగోనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, కేంద్రం 2022 అక్టోబరులో పెట్టింది. డబ్బులు అక్కర్లేదు, అర్ధరాత్రయినా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. సైరన్ వింటే గుండె దడ వస్తోందని చెప్పడానికే నాకు పది నిమిషాలు పట్టింది. రోజూ సైరన్ వేసేది నేనే కదా, ఎలా చెప్పాలని సిగ్గు. అవతలి మేడమ్ తొందరపెట్టలేదు. సైకియాట్రీ ఓపీకి వెళ్లమన్నారు, వెళ్లాను. మా ఇంట్లోనూ "పిచ్చా ఏటి?" అన్నారు. ఇప్పుడు నిద్ర పడుతోంది.

రిటైర్డ్ హెడ్ నర్స్, బొబ్బిలి:
అమ్మా, ఇలా చెయ్యి వణకడం, పాత రాత్రి కళ్లముందుకు రావడం పీటీఎస్‌డీలో, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసుకు వచ్చే జబ్బులో, ఉంటాయి. అవునో కాదో డాక్టరే తేల్చాలి, ఆలస్యం చెయ్యకు. ఆ రాత్రి నలభై మందికి ఇద్దరినే వేసింది నువ్వు కాదు తల్లీ.

విజయనగరం స్టాఫ్ నర్సు:
మంగళవారం నాకు ఆఫ్. అత్తగారు పైడితల్లమ్మ గుడికి వెళ్తారు, ఇంట్లో ఎవరూ ఉండరు. అప్పుడు ఫోన్ చేస్తాను. ఆ నీళ్ల సంగతి మా ఆయనకు కూడా ఇంతవరకు చెప్పలేదు.