హ్యూమ్ గారు కామన్స్‌లో ఉన్నప్పుడే లార్డ్ ఎలా అయ్యారు?

అందరికీ నమస్కారం. బ్రిటన్ మాజీ ప్రధాని అలెక్ డగ్లస్-హ్యూమ్ గురించి చిన్న వ్యాసం రాస్తున్నాను. ఒక చోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు చెప్పండి.

స్పెల్లింగ్ చూసి మొదట 'హోమ్' అని రాసేశాను, పలకడం 'హ్యూమ్' అట! అది దిద్దుకున్నాను. అసలు చిక్కు బిరుదులతో వచ్చింది.

ఆయన 14వ ఎర్ల్ ఆఫ్ హ్యూమ్ (ఎర్ల్ అంటే వంశపారంపర్యంగా వచ్చే ఒక ప్రభువు బిరుదు). 1963 అక్టోబరులో ప్రధాని అయిన నాలుగైదు రోజులకే, ఇలాంటి బిరుదులు వదులుకోనిచ్చే, ఆ ఏడాదే వచ్చిన పీరేజ్ చట్టాన్ని వాడుకుని ఆ బిరుదు వదులుకున్నారు. నవంబరులో కిన్‌రాస్, వెస్ట్ పెర్త్‌షైర్ ఉపఎన్నికలో గెలిచేదాకా, రెండు వారాలు ఏ సభలోనూ సభ్యుడు కాని ప్రధాని. ఇంతవరకు అర్థమైంది.

కానీ 1931లోనే ఆయన 'లార్డ్ డంగ్లాస్' పేరుతో కామన్స్‌కి, అంటే పార్లమెంటు దిగువ సభకి ఎన్నికయ్యారు. 1938లో అప్పటి ప్రధాని చాంబర్లిన్ వెంట మ్యూనిక్ వెళ్లింది కూడా ఆ పేరుతోనే. లార్డ్ అయితే ఎగువ సభ అయిన లార్డ్స్‌లో కదా కూర్చోవాలి? తండ్రి బతికుండగా పెద్దకొడుకుని మర్యాదకి అలా పిలుస్తారని, అసలు బిరుదు 1951లో తండ్రి పోయాకే వచ్చిందని నేను అనుకుంటున్నాను. సరేనా?

ఇంకొకటి. 1974లో మళ్లీ లార్డ్స్‌లోకి వెళ్లారు, ఈసారి జీవితకాల బిరుదుతో. మరి వదిలేసిన ఎర్ల్ బిరుదు అలా ఖాళీగా ఉండి, 1995లో ఆయన పోయాక కొడుక్కి వెళ్లిందా? మన జమీందారీ వారసత్వంలా ఊహించుకుంటే లెక్క కుదరడం లేదండీ.

ఆదివారంలోగా వ్యాసం ఇవ్వాలి, కాస్త టెన్షన్‌గా ఉంది.