బస్సు దిగి నడిచి, గుట్ట అవతల బస్సెక్కాలి: ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి?

గట్టుబాట:

కారు జోలికి పోకుండా, బస్సు దిగిన చోటే నడక మొదలుపెట్టి, గుట్ట దాటి అవతల ఇంకో స్టాపులో బస్సెక్కే దారి ఒకటి గీసుకున్నాను. ఇవతల పట్నం. అక్కడి నుంచి రాత్రి 9 దాకా అరగంటకో బస్సు. అవతల చిన్న పల్లె. అక్కడికి పొద్దున 9:25కి చేరే బస్సు ఒక్కటే. పల్లె నుంచి తిరిగి వచ్చేవి మధ్యాహ్నం తర్వాత రెండే: 4:10కి, 5:45కి. మ్యాపులో కొలిస్తే దారి 16 కిలోమీటర్లు. పట్నం నుంచి వెళ్తే ఎక్కుడు మొత్తం 540 మీటర్లు, దిగుడు 300. పల్లెకు 7 కిలోమీటర్ల దూరాన ఒక తారురోడ్డు అడ్డం వస్తుంది, దాని మీద మధ్యాహ్నం 2 గంటలకు ఒక బస్సుంది.

నలుగురం, అందులో ఒకరు నెమ్మది. ఎటు నుంచి మొదలుపెట్టినా తొమ్మిదిన్నర అవుతుంది. పట్నంలో మొదలుపెట్టి పల్లెలో 4:10 బస్సు అందుకుందామని ఆలోచన. అది పోయినా 5:45 ఉందని ధీమా. ఈ లెక్క సరేనా?

మెట్టదారి:

సరికాదు. ముందు దిక్కు మార్చండి. బస్సులు తక్కువున్న చోటికి పొద్దునే వెళ్ళి, బస్సులు ఎక్కువున్న చోటికి నడిచి రావాలి. పొద్దుటి బస్సు తప్పితే ఆ రోజు నడక పోతుంది. సాయంత్రం బస్సు తప్పితే రాత్రంతా పోతుంది.

ఇక గంటల లెక్క. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఇచ్చిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఇప్పటి కొలతల్లో 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఇందులో ఆగిన సమయం కలవదు. పైగా మ్యాపు మీద గీసిన గీత కాలిబాటలోని చిన్న చిన్న వంకరలన్నిటినీ పట్టుకోదు. నేనైతే పదో వంతు కలుపుతాను. మీ 16 కాస్తా దాదాపు 17.5 అవుతుంది.

మీరు అనుకున్న దిక్కులో చూడండి. నెమ్మదిగా నడిచేవాళ్ళను బట్టి గంటకు 4 కిలోమీటర్లు పెడితే 4 గంటల 22 నిమిషాలు. ఎక్కుడుకు 54 నిమిషాలు. గంటకోసారి పది నిమిషాల చొప్పున నాలుగుసార్లు ఆగితే 40, ఐదోసారి తిండికి 30. మొత్తం 6 గంటల 26 నిమిషాలు, అంటే 3:56కి పల్లె చేరతారు. చేతిలో మిగిలేది 14 నిమిషాలు. ఒకరికి కాలు బొబ్బ కట్టి ప్లాస్టర్ వేసుకోవడానికి ఆగినా, ఒక మలుపు తప్పి అర కిలోమీటరు వెనక్కి వచ్చినా అవి కరిగిపోతాయి.

తిప్పి నడిస్తే ఎక్కుడు 300 కాబట్టి దానికి 30 నిమిషాలే. దిగుడు నిటారుగా ఉంటే 300 మీటర్లకు 10 నిమిషాలు కలపాలన్నది నైస్మిత్ సూత్రానికి తర్వాత లాంగ్‌ముయిర్ చేసిన సవరణ. 540కి 18 నిమిషాలు. మొత్తం 6 గంటల 20 నిమిషాలు, పట్నంలో 3:50. దాదాపు అదే సమయం. కానీ అరగంట ఆలస్యమైతే ఒక బస్సు పోతుంది, అంతే.

ఆఖరి బస్సు గురించి ఒక మాట. దాన్ని ఎప్పుడూ ప్లానులో పెట్టుకోకూడదు. దానికి ముందుదే మీ బస్సు. ఆఖరిది రద్దయితే వెనక ఇంకేదీ లేదు.

తడిమట్టి:

దిక్కు మార్చమన్నది నిజమే, ఒక షరతుతో. 540 మీటర్ల దిగుడు ఎక్కడ, ఎంత నిటారుగా ఉందో చూడకుండా ఒప్పుకోకండి. 16 కిలోమీటర్ల మీద పరుచుకుని ఉంటే చింత లేదు. అంతా చివరి మూడు కిలోమీటర్లలో ఉంటే మాత్రం అలసిన మోకాళ్ళతో, బహుశా తడి మట్టిలో దిగాలి.

1:25,000 మ్యాపులో 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) 10 మీటర్ల ఎత్తుకొకటి ఉంటే, రెండు గీతల మధ్య 2 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉన్న చోట వాలు సుమారు 12 డిగ్రీలు, అంతకు పైన ఉన్నట్టే. పైన చెప్పిన 10 నిమిషాల సవరణ అక్కడి నుంచే వర్తిస్తుంది. ఒక్క మిల్లీమీటరే ఉంటే వాలు 20 డిగ్రీల పైమాట, వాన పడ్డాక బురద మీద జారే చోటు. కానీ ముందు మ్యాపు అంచున ఉన్న గీతల మధ్య ఎత్తు చదవండి. 20 మీటర్ల మ్యాపును 10 మీటర్లదనుకుంటే నిటారు దారి చదునుగా కనిపిస్తుంది.

ఎక్కుడు 540 అన్నది యాప్ చెప్పిందా, మీరు గీతలు లెక్కపెట్టారా? ఎత్తు డేటా గరుకుగా ఉంటే యాప్ ప్రతి చిన్న గతుకునూ ఎక్కుడుగా కూడేస్తుంది. ఒకే జీపీఎక్స్ ఫైలుకు (నడక దారిని దాచుకునే ఫైలు) రెండు యాప్‌లు రెండు అంకెలు చెప్పేది అందుకే. పెద్ద ఎక్కుళ్ళ దగ్గరైనా గీతలు చేత్తో లెక్కపెట్టుకోండి.

అడ్డంగా వచ్చే తారురోడ్డు మీ అదృష్టం. తిప్పి నడిస్తే మెట్టదారి గారి లెక్కన అక్కడికి పన్నెండుంబావుకు చేరతారు. అయినా ముందే ఒక గడువు పెట్టుకోండి: ఒంటిగంటన్నరకు కూడా చేరకపోతే నలుగురూ అక్కడే ఆగి 2 గంటల బస్సెక్కాలి. ఈ మాట ఇంట్లో ఉండగానే అనుకోవాలి. దారిలో అలిసిపోయాక "ఇంకాస్తేగా" అనేవాళ్ళు ఒకరు తప్పకుండా ఉంటారు.

ఆఖరి ట్రిప్పు:

ఇద్దరూ దారి గురించి చెప్పారు, నేను బస్సు గురించి చెప్తాను. ఇలాంటి నడకలు చెడేది ఎక్కువగా అక్కడే.

టైంటేబుల్‌లో అంకెల కంటే అడుగున ఉండే గుర్తులు ముఖ్యం. "బడి ఉన్న రోజుల్లో మాత్రమే", "శనివారం లేదు" లాంటివి అక్కడే ఉంటాయి. పల్లెకు వెళ్ళే ఒకే ఒక్క పొద్దుటి బస్సంటే బడిపిల్లల కోసం వేసినదేమోనని నాకు వెంటనే అనుమానం. సెలవుల్లో అది నడవదేమో చూసుకోండి. ఒకే నంబరు బస్సుల్లో కొన్ని సగం దారిలోనే వెనక్కి తిరుగుతాయి. నంబరు కాదు, బోర్డు మీద చివరి ఊరి పేరు చదవాలి.

ఆ 2 గంటల బస్సు సమయం ఎక్కడిది? టైంటేబుల్‌లో సాధారణంగా పెద్ద స్టాపుల సమయాలే ఉంటాయి. మధ్య స్టాపులకు యాప్ చూపేది చాలాసార్లు రెండు పెద్ద స్టాపుల మధ్య సమయాన్ని పంచి వేసిన అంచనా మాత్రమే. పెద్ద స్టాపులో డ్రైవర్ సమయం అయ్యేదాకా ఆగుతారు, మధ్య స్టాపులో ఎవరూ లేకపోతే ఆగరు. అంటే బస్సు ముందే వెళ్ళిపోవచ్చు. పదిహేను నిమిషాలు ముందే నిలబడండి, 2 దాటాక ఇంకో ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి.

అన్నిటికంటే నమ్మకమైన సమాచారం పొద్దుటి బస్సు డ్రైవర్ దగ్గర ఉంటుంది. దిగేటప్పుడు అడగండి: ఆ రోడ్డు మీద ఇవాళ బస్సు ఉందా, ఎక్కడైనా దారి మళ్ళించారా, ఫలానా మలుపులో చెయ్యెత్తితే ఆపుతారా. స్టాపులో అంటించిన కాగితం ఉంటే ఫోటో తీసుకోండి.

గట్టుబాట:

దిక్కు మార్చేశాను. గీతలు లెక్కపెడితే దిగుడు చివరి ఆరు కిలోమీటర్లలో ఉంది, 2 మిల్లీమీటర్ల కంటే దగ్గరగా ఉన్నది ఒక్క చోటే. 2 గంటల బస్సు యాప్ చూపినదే, కనుక్కుంటాను. ఇంకో సందేహం: తారురోడ్డు దగ్గర స్టాపు స్తంభం ఒక వైపే ఉన్నట్టుంది. ఏ పక్క నిలబడాలి?

ఆఖరి ట్రిప్పు:

మీరు వెళ్ళాల్సిన దిశలో బస్సు ఏ పక్కన నడుస్తుందో ఆ పక్క. స్తంభం అవతలి పక్కన ఉంటే దానికి ఎదురుగా. చాలాచోట్ల ఒక్క స్తంభమే రెండు దిశలకూ. మలుపు అంచున మాత్రం నిలబడకండి, డ్రైవర్‌కు వంద మీటర్ల ముందే కనిపించాలి. బస్సు కనపడగానే చెయ్యి చాచండి. మసక వెలుగైతే టార్చిని డ్రైవర్ కళ్ళలోకి కాదు, మీ చొక్కా మీదికి వేసుకోండి. స్టాపు దాకా రోడ్డు వెంట నడవాల్సి వస్తే ఎదురొచ్చే బండ్లు కనిపించే వైపున, ఒకరి వెనక ఒకరు.

తడిమట్టి:

మిగిలినవి క్లుప్తంగా. మ్యాపు ఫోన్‌లో ముందే దించుకుని, ఇంట్లోనే నెట్ ఆపేసి తెరుచుకుంటుందో లేదో చూడండి. బస్సు టికెట్టూ మ్యాపూ ఒకే ఫోన్‌లో ఉంటే ఛార్జి అయిపోయినప్పుడు రెండూ పోతాయి, కాబట్టి ఇంకొకరి ఫోన్‌లోనూ మ్యాపు ఉండాలి, టికెట్టుకు చిల్లర విడిగా ఉండాలి. నీళ్ళు మనిషికి నడిచే గంటకు అర లీటరు, ఎండగా ఉంటే ఇంకా ఎక్కువ. నలుగురికీ తలా ఒక ఈల. ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి. తలకు పెట్టుకునే లైటు పగటి నడకకైనా సంచిలో ఉండాల్సిందే. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో పొద్దు గుంకాక పాతిక నిమిషాల్లోపే చీకటి పడుతుంది. ఇంకా, బురద బూట్లకు ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు, వేసుకోవడానికి తేలిక చెప్పులు. బూట్లు స్టాపులోనే మార్చుకోండి, బస్సు మెట్ల మీద కాదు.